మూడు పరికరాల ల్యాబ్ సెట్టు: పెట్టె మీది 0.01ని ఎంతవరకు నమ్మొచ్చు?

వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్, స్పెరామీటర్: చిన్న చిన్న పొడవులూ మందాలూ వంపులూ కొలిచే పరికరాలు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబుకీ, డిగ్రీ మొదటి సంవత్సరానికీ పనికొచ్చేలా ఈ మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్న స్టూడెంట్ సెట్టు ఇది. సరుకు అంబాలాది. దేశంలో స్కూళ్ళకీ కాలేజీలకీ వెళ్ళే ల్యాబ్ సామాను చాలామటుకు అక్కడ తయారయ్యేదే. విశాఖలో సైంటిఫిక్ సామాను కొట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా మూడూ కలిపి ఒక మంచి జపాన్ మైక్రోమీటరు (వర్క్‌షాపుల్లో వాడే స్క్రూగేజ్) ధరకి తక్కువే పడుతుంది.

ఇంట్లో ఇవి దేనికి అనొచ్చు. ల్యాబులో ఒక్కో పరికరం చుట్టూ అయిదారుగురు మూగుతారు. స్క్రూగేజ్ చేతికొచ్చేసరికి పీరియడ్ అయిపోతుంది, పక్కవాడి రీడింగు రికార్డులోకి ఎక్కుతుంది. జేఈఈ మెయిన్ సిలబస్‌లో ప్రయోగ నైపుణ్యాల కింద వెర్నియర్, స్క్రూగేజ్ రెండూ ఉన్నాయి కాబట్టి లెక్కలు మాత్రం వందలకొద్దీ చేస్తారు. శూన్యాంశ దోషం (మధ్యలో ఏమీ లేకుండా మూసినా పరికరం సున్నా చూపించకపోవడం) మీద బిట్టు ఇస్తే ఠక్కున పెట్టేసే పిల్లలు, నిజం వెర్నియర్ చేతిలో పెడితే ఏ సున్నా ఎటు జరిగిందో చూడటానికి తడుముకుంటారు. ఆ లోటు తీరడానికి ఈ ధర ఎక్కువేం కాదు.

ముందే చెప్పేస్తే: వెర్నియర్ డబ్బుకి తగ్గ సరుకు. స్క్రూగేజ్ ఏరుకోవాలి, ఒకే రకం సెట్లలో వచ్చినవి కూడా ఒకేలా ఉండవు. స్పెరామీటర్‌లో మర బాగుంది, కాళ్ళు బాగోలేవు. కొట్లో పది నిమిషాలు నిలబడి చూసుకునే వీలుంటే సెట్టు కొనండి. ఆన్‌లైన్ అయితే వాపసు తీసుకుంటారన్న మాట ఉంటేనే.

ఆ పది నిమిషాల పరీక్షకి కావలసినవి జేబులో పడతాయి. సైకిల్ షాపులో దొరికే కొత్త బేరింగ్ గోళీలు నాలుగు, పది రూపాయల బిళ్ళ ఒకటి, అరచేతిలో పట్టే చదునైన అద్దం ముక్క ఒకటి. సైకిల్ వెనక చక్రం హబ్బులో వేసే గోళీ సాధారణంగా పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ముందు చక్రానిది అంగుళంలో 16కి 3 వంతులు, అంటే 4.76 మి.మీ. స్టూడెంట్ పరికరాన్ని నిలదీయడానికి సరిపోయేంత నిక్కచ్చిగా ఉంటాయి ఇవి. వాడేసినవి మాత్రం వద్దు, అరిగి ఉంటాయి. నాలుగు గోళీలు ఎందుకంటే ఒక్కటి తేడాగా వస్తే తప్పు గోళీదా పరికరానిదా అన్నది మిగతా మూడూ చెప్పేస్తాయి. పది రూపాయల బిళ్ళ వ్యాసం 27 మి.మీ. అంచు అరగని బిళ్ళ చూసి తీసుకోండి.

వెర్నియర్‌తో మొదలుపెడదాం. 15 సెం.మీ. ప్రధాన స్కేలు, జరిగే పలక మీద 10 వెర్నియర్ భాగాలు. ఆ పదీ కలిసి ప్రధాన స్కేలు మీద 9 మి.మీ.తో సమానం. ఒక్కో వెర్నియర్ భాగం 0.9 మి.మీ. అయింది కాబట్టి కనీసపు కొలత, అంటే పరికరం చూపించగల అతి చిన్న తేడా, 0.1 మి.మీ.; రికార్డులో దాన్నే 0.01 సెం.మీ. అని రాస్తాం. పియెర్ వెర్నియర్ 1631లో ప్రచురించినప్పటి నుంచీ కిటుకు ఇదే. ఈ పెట్టెతో చిక్కెక్కడంటే, మూత మీద వెర్నియర్ పక్కనా 0.01 అనే ఉంది, స్క్రూగేజ్ పక్కనా 0.01 అనే ఉంది. మొదటిది సెంటీమీటర్లలో, రెండోది మిల్లీమీటర్లలో. ప్రమాణం చిన్న అక్షరాల్లో ఉంది. అది చూడకపోతే పది రెట్ల తేడా ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఇదే ధరకి 50 భాగాల వెర్నియర్ ఉన్న సెట్లూ దొరుకుతాయి. 50 భాగాలు 49 మి.మీ.తో సమానం, కనీసపు కొలత 0.02 మి.మీ. చూడటానికి గొప్పగానే ఉంటుంది గానీ కొత్తవాళ్ళకి 10 భాగాలదే మేలు. గీతలు అంత దగ్గరగా ఉంటే పక్కపక్కనున్న మూడు గీతలూ కలిసినట్టే కనిపిస్తాయి. ఇంకోటి, 0.01 సెం.మీ. అని కంఠతా పట్టినవాళ్ళు ఆ పరికరం మీద 23వ గీత కలిస్తే 0.23 సెం.మీ. అని రాసేస్తారు. రావలసింది 23 సార్లు 0.02, అంటే 0.46 మి.మీ. ఏ వెర్నియర్ పట్టుకున్నా ముందు గీతలు లెక్కపెట్టడం, ఆ తర్వాతే కొలవడం.

కొట్లో చెయ్యాల్సిన మొదటి పని దవడలు మూసి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టడం. కొన్ని మైక్రాన్ల సందున్నా వెలుగు సన్నటి దారంలా బయటికొస్తుంది. దారం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందాన ఉంటే ఫర్వాలేదు, మధ్యలో దుమ్ము రేణువు చిక్కుకుని ఉంటుంది, తుడిచి మళ్ళీ చూడండి. మొదట్లో లేకుండా కొనదగ్గర మాత్రమే వెడల్పవుతుంటే దవడలు సమాంతరంగా లేవు. దాన్ని దిద్దే దారి లేదు, ఇంకోటి అడగండి. ఈ సెట్టులో కింది దవడలు బాగా కలిశాయి. లోపలి వ్యాసం కొలిచే పై దవడలు మాత్రం కొనదగ్గర వెలుగు చూపించాయి. కెలోరీమీటరు, పరీక్షనాళిక లాంటి వాటి లోపలి వ్యాసానికే ఆ దవడలు కావాలి కాబట్టి ఈ ధరకి దీన్ని సరిపెట్టుకోవచ్చు. పనికిరాదని పారెయ్యాల్సిన లోపం కాదు.

ఇక శూన్యాంశ దోషం. ఈ వెర్నియర్‌లో దవడలు మూసినప్పుడు వెర్నియర్ సున్నా, ప్రధాన స్కేలు సున్నాకి కాస్త ఎడమన ఆగింది. వెర్నియర్ మీది 8వ గీత ప్రధాన స్కేలు గీతతో కలిసింది. ఎడమన ఆగింది కనుక దోషం రుణాత్మకం. విలువ 8 కాదు. 10 లోంచి 8 తీసేస్తే వచ్చే 2. అంటే -0.02 సెం.మీ. వచ్చిన ప్రతి రీడింగులోంచీ దీన్ని తీసెయ్యాలి; రుణాన్ని తీసెయ్యడమంటే 0.02 కలపడం. సున్నా కుడివైపు ఆగి 2వ గీత కలిసి ఉంటే దోషం +0.02 అయ్యేది, అప్పుడు తగ్గించాలి. 10 లోంచి తీసేసే పని ఎడమవైపు ఆగినప్పుడు మాత్రమే. ఎందుకంటే, సున్నా ఎంత వెనక్కి పోయిందో వెర్నియర్ రెండో కొస నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు గోళీ పెట్టండి. ప్రధాన స్కేలు రీడింగు 0.6 సెం.మీ., కలిసిన వెర్నియర్ గీత 2. మొత్తం 0.62. దిద్దితే 0.64. అసలు వ్యాసం 0.635. కనీసపు కొలత 0.01 ఉన్న పరికరం ఇంతకన్నా దగ్గరికి రాలేదు. దోషాన్ని +0.08 అని తప్పుగా రాసుకున్నవాళ్ళకి 0.54 వస్తుంది, -0.08 అని రాసుకున్నవాళ్ళకి 0.70. రెండూ గోళీ ముందు నిలబడవు. పది రూపాయల బిళ్ళకి 2.68 వచ్చింది, దిద్దితే 2.70. చిన్న వస్తువుకీ పెద్ద వస్తువుకీ దోషం ఒకేలా ఉందంటే స్కేలు గీతలు సరిగ్గా పడ్డాయని అర్థం. కొట్టువాడి మాట కన్నా ఈ రెండు రీడింగులు నమ్మదగినవి.

రెండో పరీక్ష, అదే గోళీని ఒకసారి దవడల మొదట్లో, ఇంకోసారి కొనల్లో పెట్టి కొలవడం. మొదట్లో 0.62, కొనల్లో గట్టిగా నొక్కితే 0.61 వచ్చింది. కారణం జరిగే దవడ లోపల ఉన్న వదులు. స్కేలు ఒక వరసలో, కొలిచే వస్తువు దానికి దూరంగా ఇంకో వరసలో ఉండటం వల్ల దవడ ఏమాత్రం ఒరిగినా తేడా నేరుగా రీడింగులోకి వస్తుంది. ఇది వెర్నియర్ పుట్టుకతోనే ఉన్న లోపం, ఖరీదైనదానికీ ఉంటుంది. మంచి వాటిలో జరిగే పలక పైన రెండు బుల్లి మరలుంటాయి, వాటితో వదులు తగ్గించుకోవచ్చు. ఇందులో సన్నటి స్ప్రింగు రేకు తప్ప ఏమీ లేదు. కాబట్టి వస్తువుని స్కేలుకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టాలి, బొటనవేలితో తోసినంత బలం చాలు, పిండకూడదు. ఇత్తడి స్థూపం వ్యాసం కొలిచేటప్పుడు దవడలు కాస్త అటూ ఇటూ ఊపి అన్నిటికన్నా తక్కువ వచ్చినదే రాసుకోండి. పరికరం ఏటవాలుగా కూర్చుంటే వ్యాసం పెరుగుతుందే గానీ తగ్గదు. లోపలి వ్యాసానికి ఇది తిరగబడుతుంది: అడ్డంగా ఊపినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన చోటే వ్యాసం, అంతకన్నా తక్కువ వచ్చినవన్నీ జ్యాలు.

లోతు కొలిచే కడ్డీని ఎవరూ పరీక్షించరు. స్కేలు చివరని అద్దం మీద నిటారుగా ఆనించి కడ్డీ అద్దానికి తగిలేదాకా జరపండి. అక్కడ కూడా సున్నా రీడింగే రావాలి, అంటే దవడల శూన్యాంశ దోషమే మళ్ళీ కనిపించాలి. ఈ సెట్టులో అర మి.మీ. తేడా వచ్చింది, కడ్డీ కాస్త పొట్టి. లోతులకి వేరే దిద్దుబాటు రాసుకుంటే పనైపోతుంది. రికార్డులో అలా రెండు దిద్దుబాట్లు వేరువేరుగా రాసినవాళ్ళని వైవాలో ఇక ఏం అడుగుతారు?

స్క్రూగేజ్ దగ్గరే అసలు ఏరుకోవడం ఉంది. దీని మర భ్రమణాంతరం (ఒక చుట్టుకి మర జరిగే దూరం) 1 మి.మీ., తిరిగే తల స్కేలు మీద 100 భాగాలు, కనీసపు కొలత 0.01 మి.మీ. ముందు అయిదు పూర్తి చుట్లు తిప్పి తల ఎంత జరిగిందో పిచ్ స్కేలు (కదలని మి.మీ. స్కేలు) మీద చూడండి. సరిగ్గా 5 మి.మీ. జరగాలి. ఒక్క చుట్టుతో తేల్చేసుకోవడం తప్పు. మొదటి చుట్టులో వదులు కూడా కలిసిపోతుంది.

తర్వాత రాచెట్. మర చివర ఉండే చిన్న గుబ్బ ఇది. వస్తువు తగలగానే 'టక్ టక్ టక్' అని జారిపోవాలి. మంచి మైక్రోమీటర్లలో ఆ బలం 5 నుంచి 10 న్యూటన్ల మధ్య ఉంటుంది. స్టూడెంట్ సరుకులో ఇక్కడే లాటరీ. ఇలాంటివే మూడు సెట్లలోని స్క్రూగేజ్‌లని పక్కపక్కన పెట్టి, ఒకే గోళీని ఒక్కోదానితో పదిసార్లు కొలిస్తే తేడా బయటపడింది. ఒకదానిలో పది రీడింగులూ రెండు భాగాల్లోపే వచ్చాయి. ఇంకోదానిలో రాచెట్ సగం బిగిసి ఉంది, వేలి బలాన్ని బట్టి 6.31 నుంచి 6.38 దాకా తిరిగింది. మూడోదానిలో రాచెట్ గోళీకి తగలకముందే జారుతోంది, దాని రీడింగులన్నీ ఎక్కువే. కనీసపు కొలత మూడింటికీ 0.01 అనే రాసి ఉంది! ఏరుకోవాల్సింది మొదటిది. నిజం వ్యాసానికి ఎంత దూరంగా ఉన్నా సరే, పదిసార్లూ ఒకేచోట ఆగేదాన్ని తీసుకోండి. దూరాన్ని దిద్దుకోవచ్చు. చెల్లాచెదురుని దిద్దే దారి లేదు.

ఎంచుకున్నదానిలో స్టడ్డులు (వస్తువుని పట్టే కొనలు) రెండూ కలిపినప్పుడు తల స్కేలు సున్నా, సూచీ రేఖకి (పిచ్ స్కేలు మీది పొడుగు గీతకి) కింద ఆగింది. రేఖతో కలిసినది 3వ భాగం. దోషం +0.03 మి.మీ., దిద్దుబాటు -0.03. సున్నా రేఖ దాటి పైకి పోయి, 96 కలిసి ఉంటే దోషం -0.04 అయ్యేది. కలిపే ముందు రెండు స్టడ్డుల మధ్యా తెల్ల కాగితం పెట్టి, మెల్లగా బిగించి, కాగితాన్ని లాగేయండి. జిడ్డూ ధూళీ దాంతో వచ్చేస్తాయి. ఇది చెయ్యకుండా తీసిన శూన్యాంశ దోషం ఆ పూట చెమటని కొలిచినట్టే.

గోళీ పెడితే పిచ్ స్కేలు మీద 6, తల స్కేలు 38: 6.38. దిద్దితే 6.35. చాలు.

ఇప్పుడు ఈ సెట్టులో అన్నిటికన్నా చెడ్డ లోపం. తల అంచు పిచ్ స్కేలుతో సరిగ్గా పొందలేదు. తల స్కేలు 97, 98 దగ్గర ఉన్నప్పుడే, అంటే చుట్టు ఇంకా పూర్తికాకముందే, తర్వాతి మి.మీ. గీత బయటికి కనిపించేస్తోంది. అద్దం పలక మందం దగ్గర ఇది బయటపడింది: పిచ్ స్కేలు మీద 3 గీత కనిపిస్తోంది, తల స్కేలు 98. కనిపించింది కనిపించినట్టు రాస్తే 3.98. అసలు 2.98. పూర్తిగా ఒక మి.మీ. తేడా. ఇలాంటి చోట తల స్కేలు 90 దాటి ఉంటే, కొత్తగా తొంగిచూస్తున్న గీతని లెక్కలోకి తీసుకోకూడదు. అనుమానంగా ఉంటే అదే పలకని వెర్నియర్‌తో ఒకసారి చూసుకోండి, 3కి దగ్గరో 4కి దగ్గరో అది చెప్పేస్తుంది. సెట్టుగా కొనడంలో ఉన్న అసలు లాభం ఇదే, ఒకదాని అబద్ధాన్ని ఇంకోటి పట్టేస్తుంది.

తీగ వ్యాసానికి స్క్రూగేజ్ వాడేవాళ్ళు ఎక్కువ. 26 నంబరు గేజి (బ్రిటిష్ గేజి, ఎస్‌డబ్ల్యూజీ) తీగ వ్యాసం 0.457 మి.మీ. ఇంత సన్నని వస్తువు మీద ఒక్క భాగం తప్పు, అంటే 0.01 మి.మీ., వ్యాసంలో 2 శాతానికి పైనే. విశిష్ట నిరోధానికో యంగ్ గుణకానికో వైశాల్యం కావాలి కనుక, వర్గం చేసేసరికి అది 4 శాతం దాటుతుంది. మీటరు బ్రిడ్జి (తీగ నిరోధం కొలిచే ప్రయోగం) ఎంత జాగ్రత్తగా చేసినా ఆ 4 శాతం పోదు. అందుకని తీగ మీద అయిదు చోట్ల, ఒక్కో చోట ఒకదానికొకటి లంబంగా రెండు దిక్కుల్లో కొలవాలి. తీగ గుండ్రంగా ఉండదు, చుట్టలోంచి తీసేటప్పుడు నొక్కుకుపోతుంది. రాగి తీగ అయితే పైన ఎనామెల్ పూత ఉంటుంది. దాన్ని గీకకుండా కొలిస్తే పూత మందం రెండుసార్లు కలిసిపోతుంది. సాండ్‌పేపరుతో గట్టిగా రుద్దితే పూతతో పాటు రాగీ పోతుంది. బ్లేడు వెనక అంచుతో మెల్లగా గీకడం మంచిది.

ఈ స్క్రూగేజ్ నేర్చుకున్న చేత్తో ఐటీఐలోనో, గాజువాక ఆటోనగర్ లేత్ షాపులోనో మైక్రోమీటరు పట్టుకుంటే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. వర్క్‌షాపు మైక్రోమీటరులో మర భ్రమణాంతరం అర మి.మీ., తల మీద 50 భాగాలే. కనీసపు కొలత అదే 0.01. కాకపోతే సూచీ రేఖకి రెండో పక్కన ఉండే అర మి.మీ. గీతలు కూడా చూసుకోవాలి. అది మర్చిపోతే 0.50 పోతుంది. ల్యాబు స్క్రూగేజ్ మీద అలవాటైన కళ్ళు మొదటి వారం ఈ గీతల్ని చూడవు.

స్పెరామీటర్ ఈ ముగ్గురిలో గడసరి. మూడు కాళ్ళు, మధ్యలో మర, పైన 100 భాగాల పళ్ళెం. భ్రమణాంతరం 1 మి.మీ., కనీసపు కొలత 0.01 మి.మీ. వక్రతల వ్యాసార్ధం కోసం వాడతాం. కాళ్ళ మధ్య సగటు దూరాన్ని వర్గం చేసి, మర దిగిన లేదా లేచిన ఎత్తుకి ఆరు రెట్లతో భాగించి, ఆ ఎత్తులో సగం కలపాలి.

ఈ సెట్టులోని మర మెత్తగా తిరుగుతుంది, అద్దం మీద పదిసార్లు దింపితే ఒక్క భాగం తేడా. ఇంత బాగుంటుందని అనుకోం. నిలువు స్కేలు మాత్రం పళ్ళెం అంచుకి దూరంగా ఉంది, కన్ను కాస్త పైకో కిందకో ఉంటే ఒక గీత మారిపోతుంది. దాన్ని వదిలేసి చుట్లు లెక్కపెట్టే పద్ధతి పట్టుకోండి. కుంభాకార కటకం మీద మర కొన తగిలినప్పుడు పళ్ళెం రీడింగు రాసుకోండి. స్పెరామీటర్‌ని అద్దం మీద పెట్టి, మర కిందికి దింపుతూ పూర్తి చుట్లు ఎన్నయ్యాయో లెక్కపెట్టండి. అద్దాన్ని తాకినప్పుడు పళ్ళెం రీడింగు మళ్ళీ రాసుకోండి. పూర్తి చుట్లకి మిల్లీమీటర్లు, మిగిలిన భాగాలకి వందో వంతులు. పళ్ళెం మీది అంకెలు మర దిగేకొద్దీ తగ్గే రకమైతే మొదటి రీడింగులోంచి రెండోది తీసెయ్యాలి. మొదటిది చిన్నదైతే దానికి 100 కలిపి తీసెయ్యాలి. రెండు రీడింగులకీ మర కిందికి వస్తూనే తాకాలి. దాటిపోయిందని వెనక్కి తిప్పి సరిచేస్తే మరలోని వదులు రీడింగులోకి వస్తుంది. దాటితే ఒక చుట్టు పైకి లేపి మళ్ళీ దింపండి.

తాకిందని ఎలా తెలుస్తుంది? అద్దంలో మర కొన ప్రతిబింబం, కొన ఒకదాన్నొకటి ముట్టుకునే చోట ఆపాలి. ఇంకా దింపితే పరికరం మధ్య కొన మీద బొంగరంలా తిరగడానికి సిద్ధమవుతుంది. ఒక కాలిని వేలితో మెల్లగా నెట్టి చూడండి, కదలకూడదు. తిరిగిందంటే దాటిపోయినట్టే. దళసరి అద్దంలో ప్రతిబింబాలు రెండు కనిపిస్తాయి, పై ఉపరితలం నుంచి వచ్చేదే దగ్గరది, అదే చూడాలి.

ఇక కాళ్ళు. ఈ ధరలో కాళ్ళ కొనలు మొండిగానే వస్తున్నాయి. కాగితం మీద నొక్కితే చుక్క పడాల్సింది పోయి మి.మీ. వెడల్పు మచ్చ పడుతోంది. చాలామంది దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే అందరి కళ్ళూ 0.01 మి.మీ. మర మీదే ఉంటాయి. లెక్క వేసి చూడండి. కాళ్ళ మధ్య దూరం 40 మి.మీ., ఎత్తు 1.60 మి.మీ. అనుకుంటే వ్యాసార్ధం 167.5 మి.మీ. వస్తుంది. మరలో రెండు భాగాలు, అంటే 0.02 మి.మీ. తప్పు చేస్తే వ్యాసార్ధం 2 మి.మీ. మారుతుంది. కాళ్ళ మధ్య దూరంలో అర మి.మీ. తప్పు చేస్తే, వర్గం చేస్తాం కాబట్టి, 4 మి.మీ. మారుతుంది. మర మీద పడ్డ పాటంతా నోటుబుక్కు మీది మూడు మచ్చల దగ్గర పోతుంది. మందు సులువే. గట్టి అట్ట మీద కార్బన్ పేపరు పరిచి దాని మీద తెల్ల కాగితం కాకుండా, తెల్ల కాగితం మీద కార్బన్ పెట్టి కాళ్ళు తేలిగ్గా ఆనించండి, మచ్చ చిన్నదవుతుంది. మచ్చ మధ్య నుంచి మధ్యకి స్కేలుతో కాకుండా వెర్నియర్ పై దవడల కొనలతో కొలవండి, మూడు భుజాలూ విడివిడిగా. ఈ సెట్టులో మూడు భుజాలూ సమానంగా రాలేదు, ఒకటి మిగతావాటికన్నా 0.6 మి.మీ. ఎక్కువ. సగటు తీసుకుంటే సరిపోతుంది గానీ, కొట్లో ఇంకో పీసు ఉంటే మార్చుకోవడమే నయం. కాళ్ళు మరల మీద బిగించి ఉంటాయి, వదులైతే చేత్తో బిగించి మళ్ళీ మచ్చలు తీసుకోవాలి, పాత దూరం ఇక పనికిరాదు.

పెట్టెలో పరీక్ష ధ్రువపత్రమేదీ లేదు, ఈ ధరకి ఆశించకూడదు కూడా. వెర్నియర్లకి ఐఎస్ 3651, బయటి మైక్రోమీటర్లకి ఐఎస్ 2967 అని భారతీయ ప్రమాణాలున్నాయి. వర్క్‌షాపుకో ఉద్యోగానికో కొంటున్నవాళ్ళు ఆ నంబర్లూ, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్టూ అడగాలి. చదువుకి అక్కర్లేదు.

రీడింగు తేడా వచ్చినప్పుడు విశాఖ ఎండ మీదికి నెట్టేసేవాళ్ళుంటారు, ఉక్కు వ్యాకోచించిందని. కొలతల పరికరాలకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలున్న గదిలో 100 మి.మీ. ఉక్కు ముక్క పెరిగేది 0.017 మి.మీ. గోళీ అయితే మైక్రాను పెరుగుతుందంతే. పైగా పరికరమూ ఉక్కే కదా, దాదాపు అంతే అదీ పెరుగుతుంది. ఈ పరికరాలకి అది కనపడదు. తప్పుంటే చేతిలోనే, ఎండలో లేదు.

ఇదే డబ్బుకి డిజిటల్ కాలిపర్స్ వస్తాయి కదా అంటారు. వస్తాయి. అంకె చూసి రాసుకోవడం తప్ప నేర్చుకునేది లేదు, పరీక్షలో అవి ఇవ్వరు. చవక రకాల్లో ఆఫ్ చేసినా బటన్ సెల్ మెల్లగా అయిపోతూనే ఉంటుంది. తెరమీద 0.01 చూపించినంత మాత్రాన నిజం అంత దగ్గర్లో ఉండదు, మంచి కంపెనీ 150 మి.మీ. డిజిటల్ కాలిపర్స్‌కే 0.02 మి.మీ. అటూ ఇటూ ఉండొచ్చని తయారీదార్లే రాస్తారు. ఇంట్లో తలుపు బోల్టు సైజు చూడటానికైతే హాయిగా వాడుకోండి.

నక్షత్రాలు అడిగేవాళ్ళకి: వెర్నియర్‌కి అయిదుకి నాలుగు, స్క్రూగేజ్‌కి మూడు, అదీ ఏరుకోనిస్తేనే, స్పెరామీటర్‌కి రెండున్నర. విడిగా కొనుక్కునే వీలుంటే వెర్నియర్ ఇందులోది, స్క్రూగేజ్ ఒక మెట్టు పైది తీసుకోవడం తెలివైన బేరం.

చివరగా విశాఖకే ప్రత్యేకమైన సంగతి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు పక్క వీధుల్లో ఉప్పు గాలి కిటికీ గ్రిల్లునే తినేస్తుంది, పాలిష్ వేసిన మామూలు ఉక్కు ఎంత. ఈ సెట్టులో స్టెయిన్‌లెస్ అని రాసున్నది వెర్నియర్ ఒక్కటే. స్క్రూగేజ్ చట్రానికి నికెల్ పూత ఉంది, స్టడ్డుల ముఖాలకి లేదు, ముందు తుప్పు పట్టేది అక్కడే. వాడాక మెత్తటి గుడ్డతో చేతి చెమట తుడిచి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క రాసి పెట్టండి. కొబ్బరినూనె రాయొద్దు, కొన్నాళ్ళకి జిగటపడి మర బిగుసుకుపోతుంది. పెట్టెలోని పసుపు స్పాంజి తేమ పీల్చి పట్టుకుంటుంది. తీసేసి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వెయ్యండి. దవడలనీ స్టడ్డులనీ పూర్తిగా మూసి దాచకండి, మధ్యలో ఒక మి.మీ. సందు వదలండి. తుప్పు పట్టిన స్టడ్డు ముఖం మీద సాండ్‌పేపరు మాత్రం వెయ్యకూడదు. తుప్పు పోతుంది, చదునూ పోతుంది. గుడ్డకి నూనె పెట్టి రుద్దినంత వరకే, ఆ తర్వాత గోళీ పెట్టి శూన్యాంశ దోషం కొత్తగా రాసుకోవాలి.